తిరుత్తణి నుండి క్రెమ్లిన్ దాకా

సెప్టెంబరు అయిదో తేదీ వచ్చిందంటే ప్రతి బడిలోనూ డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పటానికి పూలమాల వేస్తారు. తలపాగా, కళ్ళజోడు, పొడుగు కోటు చూడగానే చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. గొప్ప ఉపాధ్యాయుడనీ, తత్వవేత్త అనీ, రాష్ట్రపతి అయ్యారనీ చెప్పుకుంటాం. ఈ వరుసలో 1949 నుండి 1952 దాకా ఆయన చేసిన ఉద్యోగం ఒకటి మాత్రం తరచు జారిపోతుంది. ఆ మూడేళ్ళూ ఆయన మాస్కోలో మన దేశపు రాయబారి. ఆ ఉద్యోగంలో చేరేనాటికి ఆయన వయస్సు అరవై దాటింది. ఆ రోజుల్లో సర్కారు కొలువులో యాభై అయిదేళ్ళకే ఇంటికి పంపేవారు. అంటే మన భాషలో చెప్పాలంటే రిటైరైన తర్వాత దొరికిన ఉద్యోగం అది. ఈ ప్రత్యేక సంచికలో ఆయన గురించి రాయాలనుకున్నప్పుడు మన సభ్యులకు ఎక్కువ నచ్చేది ఈ అధ్యాయమేనని నాకు తోచింది.

ముందుగా ఆయన మన జిల్లా మనిషి ఎలా అయ్యారో చెప్పాలి. ఇంటిపేరులో ఉన్న సర్వేపల్లి నెల్లూరు జిల్లాలోని ఊరు. పూర్వీకులు అక్కడి నుండి తరలివచ్చి తిరుత్తణిలో స్థిరపడ్డారు. ఊరు విడిచినా ఊరి పేరును మాత్రం ఇంటిపేరుగా వెంట తెచ్చుకున్నారు. తండ్రి వీరాస్వామి గారు జమీందారీ రెవెన్యూ కొలువులో చిన్న ఉద్యోగి. తల్లి సీతమ్మ గారు. ఆదాయం తక్కువ, ఇంట్లో తినే నోళ్ళు ఎక్కువ. తిరుత్తణి అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మనలో చేరింది. ఆయన మాస్కోలో ఉన్న కాలమంతా తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనిదే. 1960 ఏప్రిల్ ఒకటిన సరిహద్దుల సర్దుబాటులో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయి, సత్యవేడు వైపు గ్రామాలు మనకు వచ్చాయి. తాలూకా కచేరీలో పనిచేసిన మా నాయన, ఆ రోజుల్లో దస్త్రాలు మూటలు కట్టి అటూ ఇటూ పంపుకున్న సంగతి చాలాకాలం చెప్పేవారు. ఫైళ్ళు పోయాయి గానీ మనుషులు ఎక్కడికి పోతారని నవ్వేవారు.

పుట్టినతేదీ సంగతి కూడా ఒకటుంది. రికార్డు ప్రకారం 1888 సెప్టెంబరు 5. కానీ ఆయన కుమారుడు, ప్రసిద్ధ చరిత్రకారుడు సర్వేపల్లి గోపాల్ గారు తండ్రి జీవితచరిత్ర రాస్తూ, అసలు తేదీ 1887 సెప్టెంబరు 20 అయివుండవచ్చని రాశారు. మనవాళ్ళకు దీనిలో ఆశ్చర్యమేముంది! బడిలో వేసేటప్పుడు అయ్యవారు రాసిన తేదీయే సర్వీసు రిజిస్టరుకెక్కి, దాని ప్రకారమే పదవీ విరమణ చేసినవాళ్ళం మనలో సగం మందిమి ఉంటాం.

ప్రాథమిక చదువు తిరుత్తణిలో అయ్యాక, 1896లో ఆ పిల్లవాణ్ణి తిరుపతికి పంపారు. హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ వారి బడిలో నాలుగేళ్ళు చదివారు. ఆనాటి తిరుపతిని ఒక్కసారి ఊహించుకోండి. దేవస్థానం ఇంకా హథీరాంజీ మఠం మహంతుల ఆధ్వర్యంలో ఉంది. కొండమీదికి మోటారు దారి లేదు, అది 1944లో గానీ పడలేదు. జనం గోవిందనామం చెప్పుకుంటూ అలిపిరి మెట్లెక్కి పోయేవారు. ఒకవైపు ఆ భక్తి, మరోవైపు బడిలో ఆ భక్తినే తప్పుపట్టే పాదరీల పాఠాలు. పొద్దున విన్నది ఒకటి, సాయంత్రం చూసింది మరొకటి. ఎనిమిదేళ్ళ పిల్లవాడు ఈ రెంటి నడుమా పెరిగాడు. తర్వాత వేలూరు ఊరీస్ కళాశాలలోనూ, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలోనూ ఇదే వరస. హిందూమతంలో నీతికి చోటు లేదన్న విమర్శ ఆ తరగతి గదుల్లో ఆయన చెవిన పడుతూనే ఉండేది. మనసు నొచ్చుకున్నా కోపంతో పుస్తకం విసిరికొట్టలేదు. ఎదుటివాడు చెప్పేది పూర్తిగా విని, వాడి పుస్తకాలే చదివి, వాడికి అర్థమయ్యే భాషలో జవాబు చెప్పడం నేర్చుకున్నారు. వేదాంతంలోని నీతిని గురించి 1908లో ఎం.ఏ. పరీక్షకు రాసిన వ్యాసం అటువంటి జవాబే. దౌత్యం అనే విద్యను ఆయన ఏ శిక్షణ కళాశాలలోనూ నేర్వలేదు. నా మటుకు నాకు, ఆ పాఠం తిరుపతి బడిలోనే మొదలైందని అనిపిస్తుంది.

తత్వశాస్త్రం కూడా ఏరికోరి తీసుకున్నది కాదట. అదే శాస్త్రం చదివి ముగించిన బంధువు ఒకరు తన పాఠ్యపుస్తకాలు ఊరికే ఇచ్చారు. కొనే స్తోమత లేని ఇంట్లో అంతకంటే పెద్ద కారణం అవసరం లేదు.

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగం. అప్పటికే శివకామమ్మ గారితో పెళ్ళై సంసారం నెత్తిన పడింది. కాలక్రమాన అయిదుగురు కుమార్తెలు, ఒక కుమారుడు. జీతం చాలక ఇబ్బందులు పడిన సంవత్సరాలవి. సర్కారు ఉద్యోగం కనుక బదిలీలూ తప్పలేదు. అనంతపురంలో కొంతకాలం, రాజమండ్రిలో కొంతకాలం పాఠాలు చెప్పారు. 1918లో మైసూరు, 1921లో కలకత్తా విశ్వవిద్యాలయం. మైసూరు విడిచి వెళ్ళేనాడు విద్యార్థులు గుర్రాలు విప్పి, పూలు కట్టిన బండిని తామే రైల్వేస్టేషను దాకా లాగిన ముచ్చట అందరికీ తెలిసిందే. 1926లో ఆక్స్‌ఫర్డులో హిందూ జీవన దృక్పథం మీద ఉపన్యాసాలిచ్చారు. 1931లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షులయ్యారు.

ఇక్కడ చిత్తూరువాళ్ళు కాస్త ఛాతీ విరుచుకోవచ్చు. వాల్తేరులో ఆయనకు ముందు ఆ కుర్చీలో ఉన్నది మన కట్టమంచి రామలింగారెడ్డి గారు. సత్యాగ్రహుల మీద ప్రభుత్వం సాగించిన దమనకాండకు నిరసనగా 1930లో రాజీనామా చేశారు. 1936లో రాధాకృష్ణన్ గారు ఆక్స్‌ఫర్డుకు ఆచార్యులుగా వెళ్ళాక మళ్ళీ రెడ్డి గారే వచ్చారు. తెలుగువారి తొలి విశ్వవిద్యాలయాన్ని దాదాపు పాతికేళ్ళు ఒకే జిల్లాకు చెందిన ఇద్దరు నడిపారన్నమాట. వాల్తేరులో రాధాకృష్ణన్ గారు ఏరి తెచ్చుకున్న యువ అధ్యాపకుల్లో హుమాయూన్ కబీర్, వి.కె.ఆర్.వి. రావు, హిరేన్ ముఖర్జీ ఉన్నారు. ముఖర్జీ గారు తర్వాత కమ్యూనిస్టు నాయకుడిగా పార్లమెంటులో పేరు మోశారు. తన అభిప్రాయాలతో ఏకీభవించనివాణ్ణి కూడా చదువు చూసి పిలిచి ఉద్యోగమివ్వడం ఆయనకు అలవాటే. మాస్కోలో ఈ గుణమే పనికివచ్చింది.

విదేశీయులతో కూర్చుని మాట్లాడే పని కూడా వాల్తేరులో ఉండగానే మొదలైంది. నానాజాతి సమితి వారు జెనీవాలో నడిపిన మేధావుల సహకార సంఘంలో 1931 నుండి సభ్యులు. మేడమ్ క్యూరీ వంటివారు కూర్చున్న సభ అది. 1939 నుండి 1948 దాకా కాశీ హిందూ విశ్వవిద్యాలయం ఉపాధ్యక్షులు. 1946లో యునెస్కోకు మన ప్రతినిధివర్గ నాయకులు, తర్వాత దాని కార్యనిర్వాహక మండలి అధ్యక్షులు. రాజ్యాంగ సభలోనూ ఉన్నారు. 1947 ఆగస్టు 14 రాత్రి సభలో మాట్లాడిన కొద్దిమందిలో ఆయన ఒకరు. గడియారం పన్నెండు కొట్టేదాకా ప్రసంగం ఆపవద్దని నెహ్రూ గారు ముందే చెప్పి ఉంచారట. కాగితం లేకుండా గంటలకొద్దీ పాఠం చెప్పిన మనిషికి నిమిషాలు లెక్కపెట్టుకుని మాట్లాడటం ఒక లెక్కా!

ఇక మాస్కో సంగతికి వద్దాం.

స్వతంత్ర భారతం మాస్కోకు పంపిన తొలి రాయబారి నెహ్రూ గారి చెల్లెలు విజయలక్ష్మీ పండిట్ గారు. ఆమె అక్కడ ఉన్న రెండేళ్ళలో స్టాలిన్ ఒక్కసారి కూడా దర్శనమివ్వలేదు. అప్పటి రష్యా పండితుల దృష్టిలో మన స్వాతంత్ర్యం అసలు స్వాతంత్ర్యమే కాదు. తెల్లవాడు పోయాడు గానీ పెత్తనం వాడిదేనని వారి నమ్మకం. గాంధీ మహాత్ముణ్ణి అభివృద్ధి నిరోధకుడని వారి గ్రంథాల్లో రాసేవారు. ఇక్కడ తెలంగాణలో సాయుధ పోరాటం నడుస్తోంది, కమ్యూనిస్టులు జైళ్ళలో ఉన్నారు, అదీ వారికి కంటగింపే. ప్రపంచం రెండు శిబిరాలుగా చీలిపోయిన సమయంలో ఏ శిబిరంలోనూ చేరమంటున్న మన దేశాన్ని అమెరికా నమ్మలేదు, రష్యా నమ్మలేదు.

అటువంటి చోటికి నెహ్రూ గారు ఎవరిని పంపారు? దౌత్య సర్వీసులో ఒక్కరోజు పనిచేయని, దేవుడు లేడనే రాజ్యానికి ఉపనిషత్తులు బోధించే ఆచార్యుణ్ణి పంపారు. చాలామంది పెదవి విరిచారు. ఆక్స్‌ఫర్డు పదవిని వదులుకోకుండా, మధ్య మధ్య అక్కడికి వెళ్ళి పాఠాలు చెప్పుకునే వెసులుబాటు మీద ఆయన ఒప్పుకున్నారు. సగం ఉద్యోగం చేసే రాయబారి అన్నవారూ ఉన్నారు. ఆ విమర్శ పూర్తిగా తప్పని నేను అనను. మనలో ఎవరైనా అటువంటి షరతు పెడితే పైఅధికారి ఏమనేవాడో ఆలోచించండి.

1949లో మాస్కో చేరారు. విందులు, నృత్యాలు, అర్ధరాత్రి దాకా సాగే పార్టీలు ఆయనకు పడవు. శాకాహారి. రాత్రి పది గంటలకల్లా పడక చేరడం అలవాటు. పగలు కూడా చదువూ రాతా ఎక్కువగా మంచం మీద దిండ్లకు ఆనుకునే. మిగతా దేశాల రాయబారులకు ఈయన ఒక వింత. రోజంతా పుస్తకాలతో గడిపే ఈ మనిషి దేశానికి ఏం పని చేసిపెడతాడని అనుకునేవారు. అయితే ఆ సంగతే స్టాలిన్ చెవికి చేరి, ఎప్పుడూ చదువుకునే ఆచార్యుణ్ణి చూడాలని కుతూహలం కలిగిందని ఒక కథ ప్రచారంలో ఉంది.

కుతూహలమే కారణమో, రాజకీయమే కారణమో, 1950 జనవరి నెల నడుమ క్రెమ్లిన్ నుండి పిలుపు వచ్చింది. మాస్కోలో ఎందరో రాయబారులు ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న పిలుపు అది. సమయం రాత్రి తొమ్మిది గంటలు. మన ఆచార్యుల వారు పడుకోబోయే వేళ, స్టాలిన్‌కు పని మొదలయ్యే వేళ. ఆ రోజుల్లో చైనా నాయకుడు మావో కూడా మాస్కోలోనే ఉన్నాడు. కొత్త చైనా ప్రభుత్వాన్ని మన దేశం అంతకు రెండు వారాల ముందే, 1949 డిసెంబరు 30న గుర్తించింది. ఆసియాలో గాలి ఎటు వీస్తోందో తెలుసుకోవలసిన అవసరం స్టాలిన్‌కూ ఉంది.

వెంట వెళ్ళిన మన అధికారి రాజేశ్వర్ దయాళ్ గారు. మన దేశంలోని భాషల సంగతి, పరిస్థితుల సంగతి స్టాలిన్ ఆరా తీశాడు. రాధాకృష్ణన్ గారు తడబడలేదు, పొగడ్తలకూ దిగలేదు. ప్రపంచంలో ఈ ప్రచ్ఛన్న యుద్ధం ఆపేందుకు రష్యాయే ఒక అడుగు ముందు వేయకూడదా అని అడిగారు. దానికి అవతలివాళ్ళూ ఉన్నారు కదా అన్న జవాబు వచ్చింది. రెండు చేతులు కలిస్తే గదా చప్పుడు, మీరు మీ చేయి వెనక్కి తీసుకుంటే చప్పుడు ఎలా అవుతుందన్నది ఈయన సమాధానం. ఇది మన ఊళ్ళో రచ్చబండ దగ్గర ఎవరైనా అనే మాటే. క్రెమ్లిన్‌లో స్టాలిన్ ఎదుట కూర్చుని అనడమే కష్టం. ఆయన పేరు వింటేనే మంత్రులు, సేనానులు వణికిపోయే కాలమది.

వారి భేటీల గురించి ఎక్కువగా చెప్పుకునే కథ అశోకుడిది. కళింగ యుద్ధంలో రక్తపుటేరులు పారించి గెలిచిన చక్రవర్తి, ఆ గెలుపు చూసి తానే కుమిలిపోయి కత్తి దించాడనీ, బలంతో అధికారానికి వచ్చిన మీకు కూడా అటువంటి మార్పు రాదని ఎవరు చెప్పగలరనీ ఆయన అన్నారట. స్టాలిన్ చిరునవ్వు నవ్వి, తానూ కొన్నేళ్ళు మతపాఠశాలలో చదివినవాణ్ణేనని, అద్భుతాలు జరగవని తానూ అనలేనని జవాబిచ్చాడట.

ఈ కథ చదివినప్పుడల్లా నాకొక లెక్క గుర్తుకు వస్తుంది. స్టాలిన్ తిఫ్లిస్ నగరంలో పాదరీల బడిలో ఉన్నది 1894 నుండి 1899 దాకా. మన రాధాకృష్ణన్ తిరుపతి మిషన్ బడిలో ఉన్నది 1896 నుండి 1900 దాకా. ఒకే కాలంలో ఇద్దరు బీదపిల్లలు క్రైస్తవ బడులలో చదివారు. ఒకడు అక్కడి నుండి దేవుణ్ణే వదిలి బయటికి వచ్చాడు. మరొకరు తన మతాన్ని మరింత లోతుగా వెతుక్కుంటూ వచ్చారు. ఇంకో చిత్రం, స్టాలిన్‌కు కూడా రికార్డు పుట్టినరోజు వేరు, అసలుది వేరు. 1949 డిసెంబరు 21న ప్రపంచమంతా మోగేలా డెబ్భయ్యో జన్మదినం చేశారు. చర్చి పుస్తకం ప్రకారం చూస్తే అప్పటికి డెబ్భై ఒకటి నిండాయి.

తర్వాతి పరీక్ష కొరియా యుద్ధం. 1950 జూన్ 25న ఉత్తర కొరియా సేనలు దక్షిణం మీద పడ్డాయి. ఐక్యరాజ్యసమితిలో ఆ దాడిని తప్పుపట్టిన తీర్మానాన్ని మన దేశం బలపరిచింది. రష్యాకు కోపం వచ్చింది. చైనా స్థానం తగాదా మీద రష్యా ప్రతినిధి అప్పటికే జనవరి నుండి భద్రతా సమితికి రావడం మానేశాడు. ఈ చిక్కుముడి విప్పే ప్రయత్నంలో రాధాకృష్ణన్ గారు మాస్కోలో విదేశాంగశాఖ తలుపు తట్టారు. కొత్త చైనాకు సమితిలో చోటివ్వడం, రష్యా తిరిగి వచ్చి కూర్చోవడం, అందరూ కలిసి యుద్ధాన్ని ఆపడం, ఇదీ ఆలోచన. జూలై 13న నెహ్రూ గారు ఇదే సారాంశంతో స్టాలిన్‌కూ, అమెరికా విదేశాంగమంత్రి ఆచిసన్‌కూ లేఖలు పంపారు. రెండు రోజుల్లో స్టాలిన్ నుండి అనుకూలంగా జవాబు వచ్చింది. వాషింగ్టన్ ఒప్పుకోలేదు. ఆగస్టు ఒకటిన రష్యా ప్రతినిధి భద్రతా సమితికి తిరిగి వచ్చాడు గానీ యుద్ధం ఆగలేదు. మూడేళ్ళు సాగి లక్షలమందిని పొట్టనబెట్టుకుంది. ఆ రోజు ఆ మాట చెల్లివుంటే ఎన్ని ప్రాణాలు మిగిలేవో! రాయబారి పనిలో ఉన్న బాధ ఇదే. శ్రమ చేసేది ఒకరు, తలూపవలసినది మరొకరు.

1951 కరువు సంగతి మన పెద్దవాళ్ళు చెప్పగా విన్నవాళ్ళం. రేషను తగ్గించారు, రాయలసీమలో గంజి కేంద్రాలు నడిచాయి. అమెరికాను ఇరవై లక్షల టన్నుల గోధుమలు అడిగితే అక్కడి కాంగ్రెసు నెలల తరబడి చర్చించి, జూన్‌లో 19 కోట్ల డాలర్లు అప్పుగా ఇచ్చేందుకు చట్టం చేసింది. అదే సంవత్సరం రష్యా గోధుమలు కూడా ఓడల్లో మన రేవులకు వచ్చాయి. అమెరికా ఇచ్చినదానితో పోలిస్తే కొంచెమే. అయినా ఆకలి వేళ ముందుగా వచ్చిన ముద్దకు విలువ ఎక్కువ. రష్యా నుండి అలా ధాన్యం వస్తుందని అంతకు రెండేళ్ళ ముందు ఎవరైనా అంటే ఢిల్లీలో నవ్వేవారు.

ఆ సంవత్సరపు మొదటి నెలల్లోనే మరో విచిత్రం జరిగింది. అజాతవాసంలో ఉన్న నలుగురు భారత కమ్యూనిస్టు నాయకులు రహస్యంగా కలకత్తా రేవులో రష్యా ఓడ ఎక్కి మాస్కో చేరి స్టాలిన్‌ను కలుసుకున్నారు. వారిలో ఇద్దరు తెలుగువారు, మాకినేని బసవపున్నయ్య గారు, చండ్ర రాజేశ్వరరావు గారు. వారి సాయుధ మార్గం భారతదేశానికి పొసగదన్న సలహాతో తిరిగివచ్చారు. 1951 అక్టోబరులో తెలంగాణ పోరాట విరమణ ప్రకటన వెలువడింది. ఇందులో మన రాయబారి చేయి ఉందని చెప్పను. ప్రజాస్వామ్యంలో ఓటు ద్వారానే మార్పు రావాలన్నది ఆయన మాస్కోలో దాచకుండా చెప్పిన మాట. ఏదేమైనా ఒకే నాయకుడి ఎదుట, ఒకరికి తెలియకుండా ఒకరు, మన తెలుగువాళ్ళు రెండు వైపుల నుండి కూర్చున్నారు.

1952 జనవరిలో భద్రతా సమితిలో రష్యా ప్రతినిధి మాలిక్ మొట్టమొదటిసారి కాశ్మీరు విషయంలో నోరు విప్పి, బ్రిటన్, అమెరికాల జోక్యాన్ని విమర్శించాడు. అంతదాకా ఆ విషయంలో రష్యా మౌనంగా కూర్చునేది. ఈ మార్పు ఒక్క రాధాకృష్ణన్ గారి వల్ల వచ్చిందంటే అతిశయోక్తి అవుతుంది. రష్యాకు దాని లెక్కలు దానికి ఉంటాయి. కానీ భారతదేశం ఎవరి తోకా కాదని వారికి నమ్మకం కుదిరేలా చేసింది ఆయన మాటే. పెద్ద ఒప్పందం ఏదీ ఆయన హయాంలో జరగలేదు. మొదటి వర్తక ఒడంబడిక 1953 డిసెంబరులో, ఆయన తర్వాత వచ్చిన కె.పి.ఎస్. మీనన్ గారి కాలంలో జరిగింది. భిలాయి ఉక్కు కర్మాగారం ఒప్పందం 1955లో. విత్తనం వేసినవాడు కోతకు ఉండాలని ఎక్కడుంది?

1952లో ఉపరాష్ట్రపతి పదవికి ఆయన పేరు ఖాయమైంది. వెళ్ళేముందు సెలవు తీసుకునేందుకు ఏప్రిల్ 5న మళ్ళీ క్రెమ్లిన్‌కు వెళ్ళారు. వీడ్కోలు చెప్పే రాయబారిని స్టాలిన్ కలుసుకోవడమే అరుదు. అప్పటికి స్టాలిన్ ముఖం ఉబ్బి, ఒళ్ళు బరువెక్కి కనిపించాడు. లేచేముందు రాధాకృష్ణన్ గారు ఆయన చెంప తట్టి, వీపు నిమిరారట. ఇంట్లో జబ్బుపడిన పెద్దమనిషిని పలకరించినట్లు! తనను రాక్షసుడిలా కాక మనిషిలా చూసినవారు మీరొక్కరేనన్న అర్థం వచ్చే మాట స్టాలిన్ అన్నాడనీ, ఆయన వెళ్ళిపోతున్నందుకు విచారం వెలిబుచ్చాడనీ చెబుతారు. ఏ మాట ఎంతవరకు నిజమో తర్జుమా చేసినవాడికే తెలియాలి. సరిగ్గా పదకొండు నెలలకు, 1953 మార్చి 5న స్టాలిన్ మరణించాడు.

ఈ ఘట్టం చదివి ముచ్చటపడేవారితో పాటు ముఖం చిట్లించేవారూ ఉన్నారు. లక్షలాదిమందిని చంపించిన వాడి చెంప నిమరడమేమిటని మా ఇంట్లోనే కాలేజీ చదివే మనుమరాలు అడిగింది. ఆమె అడిగినదీ న్యాయమే. నేను చెప్పగలిగిందల్లా ఇంతే. అదే నోటితో కళింగ యుద్ధం కథ చెప్పిన తర్వాతనే ఆ చేయి చాచారు. మొహం మీద నిజం చెప్పకుండా వీపు నిమిరివుంటే అది ముఖస్తుతి అయ్యేది. మనుమరాలు పూర్తిగా ఒప్పుకోలేదు.

1952 మే 13న ఉపరాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. పదేళ్ళు రాజ్యసభను బడిపంతులు తరగతిని నడిపినట్లు నడిపారు. 1954లో భారతరత్న బిరుదు వచ్చింది. 1956 నవంబరులో శివకామమ్మ గారు పోయారు. ఆయన ఆక్స్‌ఫర్డనీ, మాస్కో అనీ దేశాలు తిరిగిన ఏళ్ళలో ఆరుగురు పిల్లల ఇంటి బరువు మోసింది ఆమె. గోపాల్ గారు తన పుస్తకంలో తండ్రి గొప్పతనంతో పాటు, ఇంటి విషయంలో ఆయన వల్ల తల్లి పడిన బాధను కూడా దాచకుండా రాశారు. కొడుకు రాసిన పుస్తకంలో అంత నిజాయితీ అరుదు. మన సభ్యుల ఇళ్ళలో బదిలీల కాలమంతా పిల్లల చదువులూ, అత్తమామల మందులూ చూసుకున్న ఇల్లాళ్ళకు శివకామమ్మ గారి సంగతి వివరించి చెప్పనక్కరలేదు.

1962 మేలో రాష్ట్రపతి అయ్యారు. పదివేల రూపాయల జీతంలో రెండున్నర వేలు మాత్రమే తీసుకున్నారన్నది ప్రసిద్ధం. ఆయన పుట్టినరోజును ఉపాధ్యాయ దినంగా జరపడం ఆ సంవత్సరమే మొదలైంది. పదవిలోకి వచ్చిన అయిదు నెలలకే చైనా యుద్ధం. 1949లో ఆ చైనాను గుర్తించి, 1950లో దానికి సమితిలో చోటు ఇమ్మని మాస్కోలో తిరిగిన మనిషికి అది ఎటువంటి దెబ్బో ఊహించుకోవచ్చు. చైనాను నమ్మి ఏమరుపాటుగా ఉన్నందుకు సొంత ప్రభుత్వాన్నే ఆయన బహిరంగంగా తప్పుపట్టారు. 1963 జూన్‌లో అమెరికా వెళ్ళి కెన్నెడీని కలిశారు. 1964 సెప్టెంబరులో రాష్ట్రపతి హోదాలో మళ్ళీ మాస్కోలో దిగారు. ఒకప్పుడు పెదవి విరిచినవారి మధ్య అప్పుడు ఆయన గౌరవ అతిథి.

1967 మేలో పదవి ముగించుకుని మద్రాసు మైలాపూరులోని సొంత ఇల్లు గిరిజకు వచ్చేశారు. చివరి ఏళ్ళలో అనారోగ్యం మాటను, జ్ఞాపకాన్ని దెబ్బతీసింది. 1975లో టెంపుల్టన్ బహుమానం ప్రకటించినప్పటికి ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. ఆ సంవత్సరం ఏప్రిల్ 17న కన్నుమూశారు. ఆ ఇల్లున్న ఎడ్వర్డ్ ఇలియట్స్ రోడ్డుకు తర్వాత ఆయన పేరే పెట్టారు. తిరుత్తణి మీదుగా రైలులో మద్రాసు వెళ్ళే మనవాళ్ళు కొందరు, స్టేషను వచ్చినప్పుడు కొండమీది సుబ్రహ్మణ్యస్వామికి కిటికీలోనుంచే ఒక దండం, ఆ ఊరి అయ్యవారికి ఇంకొక దండం పెట్టుకోవడం నేను చూశాను.